ఆ అరగంట ఎవరిస్తారు?

"పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా క్షణం కూర్చుంటే ఒట్టు. ఇంకా మాకు వేరే వ్యాయామం ఎందుకండీ?"

వ్యాయామం మాట ఎత్తగానే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి జవాబు ఇదే. పామర్రు అయినా, బందరు అయినా, విజయవాడ అయినా జవాబు మారదు. అందులో అబద్ధమూ లేదు. తెల్లవారుజామున పాలు కాచడంతో మొదలైన పని పిల్లల క్యారేజీలు, మామగారి మందులు, అంట్లు, బట్టలు, రెండు పూటలా వంటలు దాటుకుని, ఆఖరికి పెరుగు తోడెయ్యడం దాకా సాగుతూనే ఉంటుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకైతే ఈ పనంతా రెండు ముక్కలై బస్సెక్కే ముందు సగం, బస్సు దిగాక సగం. అలాంటి మనిషి దగ్గరకెళ్ళి "అమ్మా, నువ్వు ఒళ్ళు కదపడం లేదు" అంటే ఒళ్ళు మండదూ?

అయినా ఒక లెక్క చెప్పక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో ప్రకటించిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది ఆరోగ్యానికి కావలసినంత శారీరక శ్రమ చెయ్యడం లేదు. 2000లో ఇలాంటివాళ్ళు 22 శాతమే. మగవాళ్ళను, ఆడవాళ్ళను విడివిడిగా చూస్తే మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఇది ఆటలూ జిమ్ములూ మాత్రమే చూసి వేసిన లెక్క కాదు. ఉద్యోగంలో చేసే పని, ఇంటిపని, నడక, ఆట అన్నీ కలిపి వేసిన లెక్క.

క్షణం తీరిక లేదని మనం అంటున్నాం. చాలినంత శ్రమ లేదని వాళ్ళు అంటున్నారు. మరి ఎవరిది నిజం? రెండూ నిజమే. అదెలాగో అర్థం చేసుకుంటే మన మోకాళ్ళ నొప్పులకీ, షుగరుకీ, బీపీకీ కారణం సగం తెలిసినట్టే.

పని తగ్గింది, తీరిక పెరగలేదు

మన అమ్మమ్మల కాలం గుర్తు చేసుకోండి. చేదతో నీళ్ళు తోడడం, కాలువ నుంచి బిందెలు మొయ్యడం, వడ్లు దంచడం, తిరగలి తిప్పడం, రుబ్బురోట్లో పిండి రుబ్బడం. ఇవన్నీ భుజాలు, నడుము, తొడలు కలిసి చేసే పనులు. చేస్తుంటే ఊపిరి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. ఆ కాలమే బాగుందని అనడం లేదు. ఆ చాకిరీతో నడుములు వంగిపోయినవాళ్ళు, కాన్పు మీద కాన్పు వచ్చి రక్తం లేక పోయినవాళ్ళు ఎందరో. మిల్లు బియ్యం, మోటారు, గ్యాస్ పొయ్యి, మిక్సీ, గ్రైండరు వచ్చి ఆడవాళ్ళ కష్టాన్ని తగ్గించిన మాట వాస్తవం. వాటిని వెనక్కి పంపమని ఏ బుద్ధిమంతురాలూ కోరదు.

కానీ ఆ యంత్రాలు ఒళ్ళు వంచే పనిని తీసేసుకుని, నిలబడే పనిని మనకు వదిలేశాయి. గట్టు దగ్గర గంటన్నర నిలబడడం, కూరలు తరగడం, దోసెలు పొయ్యడం, సర్దడం. కాళ్ళు పీకుతాయి, నడుం నొప్పి పుడుతుంది, విసుగొస్తుంది. గుండె మాత్రం పెద్దగా వేగంగా కొట్టుకోదు. అలసటకీ వ్యాయామానికీ తేడా ఇక్కడే ఉంది. అలసిపోయాం కాబట్టి శరీరానికి కావలసింది అందిందనుకుంటున్నాం.

పోనీ యంత్రాలొచ్చాక మిగిలిన సమయమైనా మన చేతికొచ్చిందా అంటే అదీ లేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, పాల్గొనే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అంటే మనకి అయిదు గంటలు, వాళ్ళకి గంటన్నర. 2024లో మళ్ళీ సర్వే చేస్తే స్త్రీల సమయం 289 నిమిషాలకు తగ్గింది. సంతోషించే లోపల రెండో అంకె కూడా చూడండి. పురుషులది 88 నిమిషాలకు తగ్గింది! మనకి పది నిమిషాలు కలిసొస్తే వాళ్ళూ తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నారన్నమాట.

బస్సు కండక్టర్ల పాఠం

ఒళ్ళు కదపడానికీ గుండె జబ్బుకీ సంబంధం ఉందని ఇప్పుడు అందరూ అంటారు గానీ, దాన్ని రుజువు చెయ్యడానికి ఒకప్పుడు ఎవరో పూనుకోవలసి వచ్చింది. ఆయన పేరు జెర్రీ మోరిస్, లండన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చడానికి ఆయన లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళను ఎంచుకున్నాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే బస్సు, ఒకే రకం జీవితం. అయినా కండక్టర్లలో గుండె జబ్బు తక్కువ, వచ్చినా ప్రాణం తీసేంత తీవ్రత తక్కువ. 1953లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మోరిస్ 99 ఏళ్ళు బతికాడు.

తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కూలీల మీద, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న పూర్వ విద్యార్థుల మీద ఇలాంటి పరిశోధనలే జరిగాయి. అన్నింట్లోనూ అదే ఫలితం. అయితే మనం గమనించాల్సిందేమిటంటే, పేరు మోసిన ఈ మూడు పరిశోధనల్లోనూ ఉన్నది మగవాళ్ళే.

ఆడవాళ్ళ లెక్క తేలడానికి నర్సులు ముందుకు రావలసి వచ్చింది. 1976లో హార్వర్డ్ పరిశోధకులు లక్షా ఇరవై వేలమందికి పైగా అమెరికన్ నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. వారిలో 72 వేలమందికి పైగా నర్సుల నడకను పరిశీలించి 1999లో ఫలితం ప్రకటించారు. వారానికి మూడు గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ చురుగ్గా నడిచేవాళ్ళకు గుండె జబ్బు ముప్పు, నడవని వాళ్ళకంటే 30 నుంచి 40 శాతం తక్కువ. నడి వయసు దాకా కదలకుండా ఉండి ఆ తర్వాత మొదలుపెట్టిన వాళ్ళకీ మేలు జరిగింది. "ఇంకేముందిలే, నలభై అయిదు దాటాయి" అనుకునే అక్కలు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

నడిచేవాళ్ళు మొదటినుంచీ ఆరోగ్యవంతులేమో, అందుకే నడుస్తున్నారేమో అని అనుమానం రావచ్చు. దానికి జవాబు మన పక్కనే చెన్నైలో దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే సూచనలున్న 531 మందిని నాలుగు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకి మామూలు సలహా మాత్రమే. ఒక జట్టుకి నడక, తిండిలో జాగ్రత్తలు. ఒక జట్టుకి మందు బిళ్ళ. మరో జట్టుకి రెండూ. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడేళ్ళలో మామూలు సలహా జట్టులో 55 శాతం మందికి షుగరు వచ్చింది. నడక, తిండి జాగ్రత్తలు పాటించిన జట్టులో అది 39 శాతమే. మందు బిళ్ళ జట్టులో 40 శాతం. అంటే రోజూ అరగంట నడకా, కంచంలో కాస్త జాగ్రత్తా కలిసి మందు చేసినంత పనీ చేశాయి. ఇంత మంచి పరిశోధనలోనూ స్త్రీలు 110 మందే, మిగతా 421 మందీ పురుషులు. నడవడానికే కాదు, పరిశోధనకి పిలిచినా ఆడవాళ్ళకి ఇల్లు వదిలి రావడం అంత సులువు కాదు మరి.

ఇంటిపని పరీక్ష

ఇక మన అసలు ప్రశ్న, ఇంటిపని వ్యాయామం కాదా అన్నది. ఉత్తర ఐర్లాండ్‌లోని అల్‌స్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. అక్కడ 4,563 మంది తాము వారంలో చేసిన శ్రమ ఎంతో చెప్పిన వివరాలను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. వాళ్ళు లెక్క చెప్పిన శ్రమలో మూడో వంతుకు పైగా ఇంటిపనే. కానీ ఇంటిపనిని ఎంత ఎక్కువగా చూపించుకున్న మనిషి బరువు అంత ఎక్కువగా ఉంది! మనం అనుకున్నంత బరువైన శ్రమ ఇంటిపనిలో ఉండకపోవచ్చునని పరిశోధకుల అభిప్రాయం.

దీన్ని ఎవరింట్లో వాళ్ళు పరీక్షించుకోవచ్చు. మేలు చేసే శ్రమకి ఒక కొండగుర్తు ఉంది. ఆ పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కూరలు తరుగుతూ ఎన్ని పాటలైనా పాడొచ్చు. అంట్లు తోముతూ పక్కింటావిడతో ఊరి సంగతులన్నీ ముచ్చటించుకోవచ్చు. అదే నీళ్ళ బకెట్లు డాబా మీదికి మోస్తున్నప్పుడో, దుప్పట్లు చేత్తో ఉతికి పిండుతున్నప్పుడో, వాకిలంతా గబగబా చిమ్ముతున్నప్పుడో పాట రాదు. అలాంటి పనులు లెక్కలోకి వస్తాయి. మిగిలినవి రావు. అంతమాత్రాన ఆ పనులకి విలువ లేదని కాదు. ఇల్లు నిలబడేది వాటి మీదే. మన గుండెకి మాత్రం అవి చాలవు.

గోదావరి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి అడిగితే

ఇవన్నీ ఎక్కడో విదేశాల సంగతులు, పచ్చటి పొలాల మధ్య ఉండే మనకెందుకు అనుకోకండి. మనలాంటి డెల్టా జిల్లాలే అయిన తూర్పు, పశ్చిమ గోదావరుల్లో 45 గ్రామాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, మన రాష్ట్రంలోని బైర్రాజు ఫౌండేషన్, మరికొన్ని సంస్థలు కలిసి చేశాయి. 2003-04లో ఏడాది పాటు ఆ గ్రామాల్లో సంభవించిన 1,354 మరణాలను నమోదు చేశారు. ఆరోగ్య కార్యకర్తలు ఆయా ఇళ్ళకి వెళ్ళి, పోయేముందు మనిషికి ఏమైందో, నొప్పి ఎక్కడ వచ్చిందో, చెయ్యీ కాలూ పడిపోయాయో లేదో ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. డాక్టర్లు ఆ వివరాలు చూసి కారణం తేల్చారు. 32 శాతం మరణాలకు కారణం గుండె జబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బులే. అంటువ్యాధులు, పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బులతో పోయినవాళ్ళు 12 శాతం. 'పెద్ద ఊళ్ళ జబ్బులు' అనుకున్నవి పల్లె గడప ఎప్పుడో దాటాయి.

అదే ప్రాంతంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షిస్తే 13 శాతం మందికి షుగరు ఉంది. అందులో సగం మందికి తమకు షుగరు ఉందన్న సంగతే తెలియదు! మన ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది? ఆయనకి తల తిరిగితే ఆ పూటే విజయవాడ తీసుకెళతాం. మనకి తిరిగితే "నిద్ర చాల్లేదేమోలే" అనుకుని గోడ పట్టుకుని నిలబడతాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే వయసువాళ్ళలో 59 శాతం మందికి రక్తహీనత. అంటే ఒంట్లో బరువుంది, రక్తం లేదు. అందుకే బరువు తగ్గాలని తిండి మానేసేవాళ్ళు జాగ్రత్త పడాలి. తగ్గించాల్సింది అన్నం కుప్ప, పెంచాల్సింది పప్పు, ఆకుకూర, గుడ్డు. దాంతోపాటు నడక.

చేలో దిగే స్త్రీల సంగతి

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పామర్రు చుట్టుపక్కల పొలాల్లో ఊడ్పులకీ కలుపుతీతకీ వెళ్ళే స్త్రీలకు ఈ ఉపదేశం చెయ్యడం అన్యాయం. మోకాలి లోతు బురదలో నడుం వంచి రోజంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి కావలసింది నడక కాదు, విశ్రాంతి.

పరిశోధనలు కూడా ఈ తేడాని పట్టుకున్నాయి. పరిశోధకులు చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, ఉద్యోగంలో బరువు పనిచేసే మగవాళ్ళలో అకాల మరణాలు 18 శాతం ఎక్కువని 2018లో తేలింది. స్త్రీల విషయంలో ఇది అంత స్పష్టంగా కనిపించలేదు. తమ ఇష్టంతో చేసే వ్యాయామం మేలు చేస్తుంటే, కడుపు కోసం చేసే కష్టం ఎందుకు చెయ్యదు? వ్యాయామం కాసేపు చేసి ఆపుతాం, తర్వాత గుండె తేరుకుంటుంది. కూలి పనిలో ఆపే హక్కు ఉండదు. గంటల తరబడి ఒకే భంగిమ, ఎండ, చాలని తిండి, చాలని నిద్ర. కాబట్టి కూలి స్త్రీ ఆరోగ్యానికి దారి వేరు. పని మధ్య విరామం, మంచినీళ్ళు, కడుపు నిండా తిండి, ఇంటికొచ్చాక మళ్ళీ ఒంటరిగా పొయ్యి ముందు కూర్చోకుండా ఇంకో చెయ్యి సాయం.

ఎంత నడిస్తే చాలు?

"రోజుకి పదివేల అడుగులట కదా, మనవల్ల ఎక్కడవుతుంది?" అని నిరాశపడకండి. పదివేలు అన్న అంకె ఏ డాక్టరూ రాసిన చీటీ కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే ప్రపంచమంతా పాకింది.

హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీల అడుగులు లెక్కపెట్టించి 2019లో ఫలితాలు ప్రకటించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనంగా పెద్ద లాభం కనిపించలేదు. కాబట్టి ఏమీ నడవని మనిషి కొంచెం నడవడం మొదలుపెడితేనే ఎక్కువ లాభం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ కావాలి. అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున. అదీ ఒక్కసారే చెయ్యాలని లేదు, ముక్కలు ముక్కలుగానూ చెయ్యొచ్చు. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. నెలసరి ఆగిపోయే వయసులో ఎముకలు పలచబడతాయి కాబట్టి మనకి ఇది మరీ ముఖ్యం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి ఒళ్ళు ముందుకి వెనక్కి నెట్టడం లాంటివి చాలు. రూపాయి ఖర్చు లేదు.

రాత్రి భోజనం చేసి సీరియల్ ముందు కూర్చునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2013లో 60 ఏళ్ళు దాటిన పదిమంది మీద ఒక చిన్న పరిశోధన చేశారు. మూడు పూటలా భోజనం తర్వాత పావుగంట చొప్పున నడిస్తే, పొద్దున ఒకేసారి ముప్పావుగంట నడిచినంత బాగానూ రక్తంలో చక్కెర అదుపులో ఉంది. రాత్రి భోజనం తర్వాతి చక్కెరను తగ్గించడంలో అయితే ఈ పావుగంట నడకే మెరుగని తేలింది. పదిమందితో అంతా తేలిపోదు గానీ, అన్నం ప్రధానమైన మన భోజనానికి ఈ అలవాటు చక్కగా సరిపోతుంది. సీరియల్ మొదటి ప్రకటనల దాకా డాబా మీద నడిచి రండి, కథ ఎక్కడికీ పోదు.

ఇంకో సరదా సంగతి. బ్రెజిల్‌లో డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. చెయ్యి గానీ మోకాలు గానీ ఆనించకుండా లేచినవాళ్ళకి ఎక్కువ మార్కులు. ఆరేళ్ళు గమనిస్తే, మార్కులు తక్కువ వచ్చినవాళ్ళలోనే మరణాలు ఎక్కువ. 2012లో ఈ ఫలితం వచ్చింది. పీట వేసుకుని భోజనం చేసి, కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగిన మన అమ్మమ్మలు రోజుకి ఎన్నిసార్లు ఆ పరీక్ష రాసేవారో! మోకాళ్ళు అరిగినవాళ్ళు మాత్రం ఈ సాహసం చెయ్యకండి. గుండె జబ్బు, బాగా ఎక్కువ షుగరు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి మెల్లగా మొదలుపెట్టండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

గజ్జెలు అటకెక్కకుండా

ఈ కదలకపోవడం పెళ్ళయ్యాక మొదలయ్యేది కాదు. 2016 నాటి అంచనాల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ మధ్య మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం మంది చాలినంత కదలడం లేదు. పెద్దమనిషయ్యాక మన పిల్లలకి వీధిలో ఆట బంద్. పదో తరగతి రాగానే ట్యూషన్, ఇంటరు రాగానే హాస్టల్ గది.

పామర్రుకు దగ్గర్లోనే కూచిపూడి ఉంది. ఒకప్పుడు ఆ నాట్యంలో సత్యభామ వేషమైనా మగవాళ్ళే కట్టేవారు. వెంపటి చినసత్యం వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పడంతో కథ మారింది. ఇప్పుడు ఎక్కడ చూసినా గజ్జె కట్టేది ఎక్కువగా ఆడపిల్లలే. ఆచారాలు మారవని ఎవరన్నారు? మారనిది ఒక్కటే. పెళ్ళి కుదరగానే ఆ గజ్జెలు అటకెక్కుతాయి. అవి ఎక్కకుండా చూసుకోవడం తల్లులుగా మన పని, అత్తగార్లుగా ఇంకా పెద్ద పని.

ఆ అరగంట

మనకి అడ్డం వస్తున్నది బద్ధకం కాదు. సమయం, చోటు, చుట్టుపక్కలవాళ్ళ నోళ్ళు.

విజయవాడ–బందరు రోడ్డు, గుడివాడ రోడ్డు కలిసే ఊరు పామర్రు. లారీల మధ్య, బస్సుల మధ్య ప్రశాంతంగా నడిచేదెక్కడ? కాలువ గట్టున నడుద్దామంటే చీకటి, కుక్కలు. రోహిణీ కార్తెలో పగలు గడప దాటలేం. ఇక చీర మీద బూట్లు వేసుకుంటే నవ్వేవాళ్ళు కొందరు, "వంటిల్లు వదిలేసి షికార్లు" అనేవాళ్ళు కొందరు. మీ ఊళ్ళో ఒకరోజు పొద్దున్నే నడిచేవాళ్ళలో మగవాళ్ళెందరో, ఆడవాళ్ళెందరో మీరే లెక్కపెట్టి చూడండి.

అందుకే ఈ పని ఒంటరిగా సాధ్యం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కలిసి సారా దుకాణం మూయించారు. వాళ్ళతో పోలిస్తే మనం అడిగేది ఎంత? బడి వదిలాక ఆట స్థలం గేటు రెండు గంటలు తెరిచి ఉంచమని, నాలుగు దీపాలు వెలిగించమని. డ్వాక్రా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలతో పాటు ఈ మాట కూడా ఎత్తండి. పదిమంది కలిసి అర్జీ రాసి పంచాయతీకి ఇవ్వండి. పదిమంది కలిసి నడిస్తే నవ్వే నోళ్ళు వాటంతటవే మూతపడతాయి.

ఇంట్లో మగవాళ్ళకి కూడా ఒక మాట. మీ ఇల్లాలికి పండక్కి చీర కొంటారు, సంతోషమే. రోజూ అరగంట ఇవ్వగలరా? ఆ అరగంట పాలు పొంగకుండా చూడండి, పిల్లాడి చేత హోంవర్కు చేయించండి, మీ నాన్నగారికి మందు మీరే ఇవ్వండి. ఆమె పక్షవాతంతో మంచం పడితే మీరు ఇవ్వవలసి వచ్చేది అరగంట కాదు.

అక్కలూ, వాళ్ళు ఇచ్చేదాకా ఎదురుచూడకండి. రేపు సాయంత్రం పొయ్యి ఆపేసి బయటికి రండి. వస్తూ వస్తూ పక్కింటి వదినగారిని కూడా ఓ కేక వెయ్యండి.